ఏనుగు నుదుట రాజముద్ర

అనగనగా చందనగిరిని ఏలే ప్రతాపకేసరికి ఏ లోటూ లేదు. ఉన్నదల్లా ఒక్క కడుపుమంట. అదీ శత్రురాజుల మీద కాదు, తన ఆస్థాన చిత్రకారుడు సింగోజు మీద.

రాజుగారికి తైలవర్ణ చిత్రాల పిచ్చి. ఓడల మీద రంగులు తెప్పించుకున్నాడు, కుంచెలకు వెండి పిడులు వేయించుకున్నాడు. ఆయన ఏం గీసినా సభంతా "ఆహా!" అనేది. సింగోజు బొమ్మ ముందు మాత్రం ఎవరూ ఆహా అనేవారు కాదు. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయేవారు. ఆ మౌనమే రాజుగారిని తినేసేది.

ఒకరోజు ఉండబట్టలేక సభలో అనేశాడు. "సింగోజూ! మన పట్టపుటేనుగును నువ్వూ గియ్యి, నేనూ గీస్తాను. పౌర్ణమినాడు సభ తేలుస్తుంది. ఓడినవాడు మళ్ళీ కుంచె పట్టకూడదు."

సభ ఎవరి వైపు తేలుస్తుందో అందరికీ తెలుసు. సింగోజుకు కుంచె తప్ప మరో బతుకు లేదు. అయినా "చిత్తం మహారాజా" అని దండం పెట్టి వెళ్ళాడు.

రాజు తొండం గీస్తే పొట్లకాయ అయింది. చెవులు గీస్తే విస్తరాకులయ్యాయి. వాడు ఎంతవరకు గీశాడో అన్న ఆలోచన తొలిచేస్తుంటే చెయ్యి ఎలా కుదురుతుంది? అందుకని రోజూ సింగోజు భోజనానికి వెళ్ళే వేళ చూసి అతని చిత్రశాలలోకి దొంగపిల్లిలా దూరేవాడు.

మొదటిరోజు బొగ్గు గీతలు చూసి "ఓస్, ఇంతేనా!" అనుకున్నాడు. తర్వాత పూత మీద పూత పడి తోలు ముడతలు తేలాయి. పౌర్ణమి ముందురోజు వెళ్ళేసరికి కన్ను పెట్టి ఉంది. చిన్న కన్ను, తడితడిగా, మావటివాడి కోసం వెతుకుతున్నట్టు.

రాజుకు ఒళ్ళు మండిపోయింది. "నా మేత తిని పెరిగి, వీడికి చూపించిందా ఈ కన్ను!" అని పళ్ళు నూరి పిడికిలి ఎత్తాడు. కన్నునే చెరిపేద్దామనుకున్నాడు గాని, చెయ్యి రాలేదు. గుద్దు నుదుటి మీద పడింది. ఇంతలో అడుగుల చప్పుడు. చెయ్యి ఉత్తరీయానికి తుడుచుకుంటూ పెరటి గుమ్మం గుండా పరుగు తీశాడు.

మర్నాడు సభలో రెండు బొమ్మలూ నిలబెట్టారు. "మహారాజు గీసిన ఏనుగు ముందు ఐరావతం దిగదుడుపే!" అని పండితులు అందుకున్నారు. మంత్రి తీర్పు చెప్పబోయాడు.

సింగోజు చేతులు జోడించాడు. "మంత్రిగారూ, ఒక్క మనవి. రాజముద్ర పడ్డదాన్ని కాదనే అధికారం ఎవరికైనా ఉందా?"

"ఎవరికీ లేదు. రాజుగారు మెచ్చి ఒప్పుకుంటేనే ఉంగరం ముద్ర పడుతుంది. అది మన కట్టుబాటు."

"అయితే నా ఏనుగు నుదురు చూడండి."

మంత్రి వంగి చూశాడు. దట్టమైన రంగులో సింహం, దాని చుట్టూ చందనపు కొమ్మ. సాక్షాత్తూ రాజముద్ర!

"ప్రభువులు నిన్న స్వయంగా దయచేశారు. ఎదురుగా మెచ్చుకోవడానికి మొహమాటపడి, నేను లేని వేళ ముద్ర వేసి వెళ్ళారు" అన్నాడు సింగోజు వినయంగా.

రాజు చేతిని గబుక్కున వెనక్కి పెట్టుకున్నాడు. ఉంగరం సందుల్లో బూడిదరంగు ఇంకా ఉంది మరి. మెచ్చానంటే పందెం పోయినట్టే. మెచ్చలేదంటే, దొంగతనంగా వెళ్ళి బొమ్మను గుద్దానని చెప్పుకోవాలి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

సింగోజును దగ్గరికి పిలిచి గొణిగాడు. "నేను వస్తున్నానని నీకెలా తెలుసయ్యా?"

"తమరు పూసుకునే పునుగు వాసన రోజూ చిత్రశాలలోనే ఉండిపోయేది మహారాజా. ఎక్కడో ఒకచోట తమ చెయ్యి పడకపోతుందా అని, రంగులు ఆరకుండా నూనె కాస్త ఎక్కువ కలిపాను."

"కన్ను మీద పడి ఉంటే?"

"పడదని తెలుసు. తమరూ బొమ్మలు గీసేవారే కదా."

రాజు సింహాసనం కదిలేలా నవ్వాడు. "ముద్ర నాదే! గెలుపు సింగోజుది!" అని ప్రకటించి, ఓడల మీద వచ్చిన రంగులూ, వెండి పిడుల కుంచెలూ పెట్టెతో సహా బహుమానంగా ఇచ్చేశాడు.

ఒక్క కుంచె మాత్రం ఉత్తరీయంలో దాచుకున్నాడట. కడుపుమంట అంత తేలిగ్గా చల్లారుతుందా!