ఫుల్లరు వారి పిల్ల, ఫుల్లరు వారి అబ్బాయి

శనివారం జరగాల్సిన పెళ్ళిని నతానియేలు ఆదివారం నాడు ఆపేశాడు. ఆపాడు గానీ, ఆ తర్వాత అతనికీ నిద్ర లేదు.

బొగ్గు ఇంజన్ల కాలం నాటి మాట. బిట్రగుంటలో లోకో షెడ్డు వెనకాల చిన్న చర్చి ఒకటుండేది. తిమోతి అయ్యగారు దానికి గురువు, నతానియేలు ఆయన దగ్గర శిష్యుడు. పిల్లోడు బంగారమే. కాకపోతే నిష్ఠ కాస్త ఎక్కువ. పప్పులో ఉప్పు ఎక్కువైనా అది ధర్మమా కాదా అని ఆలోచించే రకం.

చర్చిలో పెళ్ళంటే ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఫలానా వాడికీ ఫలానా పిల్లకీ పెళ్ళి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి అని. మొదటి రెండూ అయ్యగారే చదివారు. అప్పుడు నతానియేలు పక్క ఊళ్ళలో ఆరాధనలు చూసుకుంటున్నాడు. మూడో ఆదివారం అయ్యగారికి జలుబు చేసి గొంతు పోయింది, కాగితం శిష్యుడి చేతికొచ్చింది.

"సిరిల్ ఫుల్లర్, అరక్కోణం. మాబెల్ ఫుల్లర్, బిట్రగుంట. ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

ఎవరూ పలకలేదు. నతానియేలు కాగితం వంక ఇంకోసారి చూసి, "నాకుంది" అన్నాడు. "ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు. అన్నాచెల్లెళ్ళ వరస."

చర్చిలో గుసగుసలు మొదలైనాయి. మాబెల్ నాన్న ఇంజన్ డ్రైవరు, ఆంగ్లో ఇండియన్. అమ్మ సుగుణమ్మ మాత్రం మన మనిషే, కావలి ఆడపడుచు. సంబంధం కుదిరిన రోజు నుంచీ ఆమె మనసులో ఆ అనుమానం పురుగులా తొలుస్తూనే ఉంది. ఇప్పుడు దేవుడి గుళ్ళోనే ఆ మాట వినపడేసరికి ఇంటికి పోయి పెళ్ళి గౌను మడిచి పెట్టెలో పెట్టేసింది. మాబెల్ అన్నం మానేసింది.

గురువారం నతానియేలు అయ్యగారి ముందు కూలబడ్డాడు.

"అయ్యగారూ, ఆ పిల్ల ఏడుపు చూడలేకున్నా. నా అభ్యంతరం తీసేయండి, మీరే చేయండి పెళ్ళి."

"చెప్పినోడే తీసుకోవాల. నేనెట్టా తీస్తా?"

"నేనెట్టా తీసుకునేది? రేపు దేవుడు అడిగితే ఏం చెప్పాల? వాళ్ళ తాతలెవరో ఫుల్లరు గారికే తెలీదంట. ముత్తాత ఎవరో మద్రాసులో ఓడ దిగాడంట, అంతకుమించి తెలీదంట."

అయ్యగారు ముక్కు తుడుచుకుని అడిగారు. "ఫుల్లర్ అంటే ఏందో తెలుసా నీకు?"

"ఇంటిపేరు."

"అది పని పేరబ్బయా. ఇంగ్లండు చలి దేశం, అంతా ఉన్ని గుడ్డే. నేసిన గుడ్డని నీళ్ళలో వేసి కాళ్ళతో తొక్కాల, అప్పుడుగానీ బిగువు రాదు. ఆ తొక్కేవాణ్ణి వాళ్ళ దక్షిణ దేశంలో ఫుల్లర్ అన్నారు. పడమటి వైపు టక్కర్ అన్నారు, ఉత్తరాన వాకర్ అన్నారు. తొక్కిన తాతలు పోయినా పేర్లు మిగిలినాయి."

నతానియేలు అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషైతే ఈ కథే లేదు.

"ఏ పనైతేనేం అయ్యగారూ. మొట్టమొదట ఫుల్లరని పిలిపించుకున్నోడు ఒకడుంటాడు గదా. వీళ్ళంతా ఆ ఒక్కడి సంతానమే గదా."

అయ్యగారు ఇంకేం వాదించలేదు. మఫ్లరు చుట్టుకుని లేచారు.

"షెడ్డు దాకా పోయొద్దాం రా."

"ఈ జలుబుతోనా?"

"రమ్మంటే రావయ్యా."

వాళ్ళు పోయేసరికి డ్యూటీలు మారే వేళ. షెడ్డు ముందర ఆవిరి, బొగ్గు పొగ. దిగేవాళ్ళు దిగుతుంటే ఎక్కేవాళ్ళు టిఫిన్ క్యారియర్లతో వస్తున్నారు. అయ్యగారు గేటు దగ్గర నిలబడి, ఉన్న కాస్త గొంతూ కూడదీసుకుని కేకేశారు.

"డ్రైవర్ గారూ!"

టీ గ్లాసు పట్టుకున్న మస్తాన్ సాయిబు తిరిగి చూశాడు. ఇంజన్ మెట్టు మీద నుంచి వెంకురెడ్డి తిరిగాడు. బెంచీ మీద బీడీ వెలిగించుకుంటున్న విల్లుపురం పళని తిరిగాడు. నీళ్ళ కొళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నవాడూ తిరిగాడు. "నన్నేనా అయ్యగారూ?" అని ఒకేసారి అడిగారు నలుగురూ.

"ఏం లేదు నాయనా. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాల. కానీండి, కానీండి."

వాళ్ళు నవ్వుకుని పనుల్లో పడ్డారు. అయ్యగారు శిష్యుడి వైపు తిరిగి మెల్లగా అడిగారు.

"వీళ్ళల్లో ఎవరు ఎవరికి అన్నో, నువ్వే చెప్పు."

నతానియేలు మస్తాన్ సాయిబుని చూశాడు, పళనిని చూశాడు, మళ్ళీ సాయిబుని చూశాడు. ఆదివారం నుంచి బిగబట్టిన ఊపిరేమో, ఒక్కసారిగా వదిలాడు.

కొళాయి దగ్గరున్నవాడు మాత్రం వెనక్కి పోలేదు. మొహం తుడుచుకుంటూ వీళ్ళ దగ్గరికే వచ్చాడు. ఆయనే ఫుల్లరు, మాబెల్ నాన్న. సగం సబ్బు ఇంకా చెవి మీదే ఉంది.

"చిన్నయ్యగారూ" అన్నాడు నతానియేలుతో. "ఎల్లుండి కోసం చుట్టాలు రైలెక్కేశారు. ఇంట్లో పొయ్యి వెలిగి నాలుగు రోజులైంది. లేదంటే లేదని ఇప్పుడే చెప్పేయండి, ఆ మాటేదో నేను పోయి బిడ్డకి చెప్తా."

నతానియేలు ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ చేతులకి మసి, నూనె.

"తప్పు నాదే ఫుల్లరు గారూ. నా అభ్యంతరం తీసేసుకుంటున్నా. పెళ్ళి శనివారమే. సుగుణమ్మ గారితో నేనే వచ్చి చెప్తా, ఇప్పుడే వస్తా. ఆమె నా మాటకి భయపడింది, నా మాటతోనే ఆ భయం పోవాల."

ఫుల్లరు పక్కనున్న బెంచీ మీద కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏమైందోనని పళని బీడీ పారేసి పరిగెత్తుకొచ్చాడు. విషయం తెలిశాక సాయిబు తన టీ గ్లాసు ఫుల్లరు చేతిలో పెట్టాడు.

టీ సగం తాగాక ఫుల్లరు తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "అయ్యగారూ, ఎల్లుండికి ఇంకా ఎంత పనుందో. అంతా ఆపేసి కూర్చున్నాం."

"ఒక పని తగ్గిందిలే" అన్నారు తిమోతి అయ్యగారు, మఫ్లరు సర్దుకుంటూ. "పిల్ల ట్రంకు పెట్టె మీద ఇంటిపేరు చెరిపి మళ్ళీ రాయించక్కర్లా."