పేరు బావికి గట్టు

పిల్లలూ, ఇలా దగ్గరికి జరగండి. పచ్చికవీడు అనే దేశానికి ఒక రాజుగారు, ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ దేశపు గడ్డిమైదానంలో వెన్నెల జింకలు తిరిగేవి. వీపు నల్లగా, కడుపు తెల్లగా ఉండే ఆ జింకలు మరే దేశంలోనూ లేవు. కడగొట్టు రాకుమారుడు సుకేతుడికి అవంటే ప్రాణం. తల్లి లేని ఒక కూనకు పాలు పట్టి పెంచి, మెడలో మువ్వ కట్టి, చుక్కమ్మ అని పిలుచుకునేవాడు.

ఏటికేడు జింకలు తగ్గిపోసాగాయి. "ఇది ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు కరాళుడి పనే" అని రాజుగారు తేల్చేశారు. ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. మాంత్రికుడంటూ ఒకడున్నాక ఇంకొకరిని అనుమానించడం ఎందుకు చెప్పండి?

పెద్దవాడు మూడు సముద్రాలు దాటి, నడుం నొప్పని తిరిగొచ్చాడు. నడిమివాడు అయిదు దాటి, ఉప్పుగాలి పడలేదని తిరిగొచ్చాడు. సుకేతుడు ముసలి తాబేలు వీపెక్కి ఏడూ దాటాడు. తాబేలు చూపించిన గుహలో దూరి, మాంత్రికుడి ప్రాణమున్న చిలకను గుప్పిట పట్టాడు.

"నా జింకలు నాకివ్వు. లేదంటే దీని మెడ నులిమేస్తాను."

కరాళుడు గజగజ వణికిపోయాడు. "నాకు జింకలెందుకు నాయనా? నేను కోడిగుడ్డు కూడా ముట్టను."

అప్పుడు చిలక నోరు విప్పింది. "జామపళ్ల కోసం మీ దేశం వచ్చినప్పుడు చూశాను రాకుమారా. మీ జింకలు మీ పేరు బావుల్లోనే ఉన్నాయి."

సుకేతుడి గుప్పిట దానంతటదే విడిపోయింది.

పచ్చికవీడులో రాజుగారికి కొడుకు పుడితే, బారసాలనాడు మైదానంలో వాడి పేరున బావి తవ్విస్తారు. గట్టు మాత్రం కట్టరు. కడితే బిడ్డ ఆయుష్షుకు అడ్డుకట్ట వేసినట్టేనని భయం. లోపలికి తొంగిచూడడం కూడా అశుభమే. తాతముత్తాతల బావులన్నీ అలాగే గడ్డి కప్పుకుని ఉన్నాయి.

"మా నాన్న ప్రాణం చేతికి చిక్కినా వదిలేశావు. నేనూ నీతో వస్తాను" అంది అక్కడే నిలబడి ఇదంతా చూస్తున్న కరాళుడి కూతురు నీలాంబరి.

తిరిగొచ్చి తన పేరు బావిలోకి చూసిన సుకేతుడు అక్కడే కూలబడ్డాడు. అడుగునంతా కొమ్ములూ ఎముకలూ. ఏటా పుట్టినరోజున పసుపు కుంకుమ చల్లి దండం పెట్టింది ఈ బావికే. ఇంతలో ఆ ఎముకల మధ్య నుంచి మువ్వ చప్పుడు వినిపించింది.

తాడు పట్టుకుని దిగి, చుక్కమ్మను భుజాన వేసుకుని పైకొచ్చాడు. పొద్దున్నే పడిందట. కాలు విరిగింది గానీ ఊపిరి ఉంది.

"గట్టు కట్టాలి, రాళ్లు తెండి" అన్నాడు చుట్టూ మూగిన జనంతో. ఒక్కరూ కదల్లేదు. రాజుగారు చెయ్యి పట్టుకున్నారు. "వద్దు నాయనా. నువ్వు పోతావు."

"నా ఆయుష్షు కోసం ఇన్ని ప్రాణాలు పోయాయి తండ్రీ. ఇది చూశాక ఎలా బతకమంటారు?"

నీలాంబరి ఒక్కతే రాళ్లందించింది. సుకేతుడు ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోయాడు. చివరి రాయి పెట్టి కళ్లు మూసుకున్నాడు. జనమంతా ఊపిరి బిగబట్టారు.

ఏమీ కాలేదు. అతనికి ఆకలేసింది, అంతే.

రాజుగారు కొయ్యబారిపోయారు. "మరి ఇన్నాళ్లూ మనం దేనికి భయపడ్డాం?" అన్నారు. ఆయనే వంగి ఒక రాయెత్తుకుని, తన పేరు బావి దగ్గరికి నడిచారు.

సుకేతుడికీ నీలాంబరికీ పెళ్లయింది. కుంటుకుంటూ చుక్కమ్మ కూడా పందిట్లోకి వచ్చింది. వాళ్లు చల్లగా చాలా కాలం ఏలారు, మైదానం మళ్లీ జింకలతో నిండింది. ఆ దేశంలో ఇప్పటికీ బిడ్డ పుడితే ముందు బావికి గట్టు కడతారు. ఆ తర్వాతే పేరు పెడతారు.