దురదగొండి, ముంగిస, వైద్యం సీటు

అనగనగా ఒక అడవిలో ఒక కాలేజీ ఉండేది. అడవిలో కాలేజీ ఏమిటని అడగకండి. మీకు ఉండొచ్చు గానీ వాళ్ళకి ఉండకూడదా? కాలేజీకి ఒక హాస్టల్ ఉండేది. హాస్టల్‌కి ఒక వార్డెన్ ఉండేవాడు. ఆయన ఎలుగుబంటి.

వార్డెన్ చెడ్డవాడు కాదు. కాకపోతే తెల్లవారకముందే లేచి పాడేవాడు. ఆయన గొంతెత్తితే హాస్టల్ పిల్లలంతా చెవులు మూసుకునేవాళ్ళు. పాపం కుందేళ్ళకి మరీ కష్టం. ఎంత మూసుకున్నా ఇంకా కొంత చెవి మిగిలిపోయేది.

ఆ హాస్టల్లో రేల అనే ముంగిస పిల్ల ఉండేది. చురుకైన పిల్ల. చదువులో చురుకు, అల్లరిలో ఇంకా చురుకు. ఒకరోజు వార్డెన్ వాగుకి వెళ్ళిన సమయం చూసి, రేల దురదగొండి కాయలు కోసుకొచ్చింది. వాటి మీది నూగంతా దులిపి ఆయన పడక మీద చల్లింది.

దురదగొండి అంటే తెలుసుగా? తెలియకపోతే మరీ మంచిది. తెలుసుకుందామని ముట్టుకోకండి.

వార్డెన్ వచ్చి నడుం వాల్చాడు. మరుక్షణం ఎగిరి నిలబడ్డాడు.

"ఎవర్రా నా వీపు మీద నిప్పులు పోసింది?" అని అరుస్తూ మద్దిచెట్టు దగ్గరికి పరుగెత్తాడు. వీపు ఆనించి రుద్దాడు, రుద్దాడు, చెట్టు బెరడు ఊడిపోయేదాకా రుద్దాడు. హాస్టల్ హాస్టలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. అందరికంటే గట్టిగా రేల నవ్వింది.

సాయంత్రానికి వార్డెన్ ఒళ్ళంతా దద్దుర్లు తేలాయి. బొచ్చు అక్కడక్కడా ఊడిపోయింది. ఆయన వాగు నీళ్ళలో మెడదాకా మునిగి కూర్చున్నాడు. మర్నాడు పొద్దున పాట వినిపించలేదు. ఆ మర్నాడూ వినిపించలేదు. అప్పుడు రేల నవ్వు ఆగిపోయింది.

ప్రిన్సిపాల్ గారు విచారణ పెట్టారు. రేల ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది? గోళ్ళ సందున ఇంకా నూగు ఉంది, విచారణలో నిలబడి తనూ గోక్కుంటోంది. వానాకాలం అంతా హాస్టల్ ఊడవాలని శిక్ష వేశారు.

రేల ఊడ్చింది. కానీ ఊడవడంతో ఆగలేదు. ఎవరూ చెప్పకుండానే వార్డెన్ దగ్గరికి వెళ్ళింది. అడవిదున్న పేడ తెచ్చి ఆయన వీపుకి పూసింది. ఆరనిచ్చి ఒలిచింది. పేడతో పాటు నూగు కూడా వచ్చేసింది. ఒలిచిన చోట చల్లటి వాగు మట్టి పెట్టింది.

"అక్కడ కాదే. ఇంకాస్త పైకి," అనేవాడు వార్డెన్.

"ఇక్కడా?"

"ఇంకా పైకి. ఆఁ, అక్కడే. నువ్వు పెట్టిన మంట నీకు తెలియదుటే ఎక్కడుందో?"

వానలు తగ్గేసరికి దద్దుర్లు తగ్గాయి. బొచ్చు మళ్ళీ వచ్చింది. వార్డెన్ మళ్ళీ పాడాడు. హాస్టల్ అంతా చెవులు మూసుకుంది. రేల ఒక్కతే మూసుకోలేదు. ఆ పాట వింటూ వింటూ, నేను వైద్యురాలిని అవుతాను అనుకుంది. అప్పటి నుంచి ఆమెకి వేరే కోరిక లేదు.

వైద్యం నేర్పే కళాశాల కొండ మీద ఉంది. సీట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ. ఈ బాధ ఏ అడవిలోనైనా ఒకటే. వానలు వెలిశాక ఏడాదికి ఒక్కసారే పిలుస్తారు.

ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది. కాలేజీలో చేరిన ప్రతి పిల్లకీ ఒక గోరింకను అప్పగిస్తారు. పిల్లకి శిక్ష పడితే గోరింక ఆ సంగతంతా నేర్చుకుంటుంది. మొదలు నుంచి చివరి దాకా, ఎవరి మాట వాళ్ళ గొంతులోనే. పిల్ల పై చదువుకి వెళ్తే గోరింక కూడా వెంట వెళ్తుంది. అక్కడ ముందు పిల్లని మాట్లాడనిస్తారు. తర్వాతే గోరింకని.

రేలకి భయం పట్టుకుంది.

"ఈ గోరింక నోరు తెరిస్తే నా సీటు గోవిందా," అనుకుంది. తిన్నగా ఊసరవెల్లి మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఆయన తంగేడు పొద కింద కోచింగ్ నడుపుతాడు. ఫీజు కింద ఈగలు తీసుకుంటాడు.

"చూడమ్మా," అన్నాడు ఊసరవెల్లి, ఆకు మీద పచ్చగా కూర్చుని. "శిక్ష పడిందా అని అడిగితే లేదను."

"సరే మాస్టారూ."

ఊసరవెల్లి కొమ్మ మీదికి జరిగి గోధుమరంగుకి మారాడు. "వైద్యం ఎందుకని అడిగితే, సేవ చెయ్యాలని అను."

"సరే మాస్టారూ."

ఊసరవెల్లి పువ్వు పక్కకి జరిగి పసుపురంగుకి మారాడు. "దురదగొండి మాట వస్తే మాత్రం నీకేం తెలియదు. తెలుసన్నావా, ఎలా తెలుసని అడుగుతారు. అక్కడ దొరికిపోతావు."

"మరి గోరింక?"

"దానికి పొద్దున్నే కడుపునిండా పనసతొనలు పెట్టు. తిని నిద్రపోతుంది. అంతమంది పిల్లలుండగా ఒక పక్షిని లేపే తీరిక ఎవరికుంటుంది?"

రేల అలాగే చేసింది. గోరింక వద్దనకుండా తిన్నది. కొండ ఎక్కేసరికి రేల వీపు మీదే గుర్రు పెట్టింది.

కొండ మీద పిల్లల్ని పరీక్షించేది అలుగు డాక్టరమ్మ. అలుగు అంటే ఒళ్ళంతా పెంకులుండే జంతువు. బెదిరితే బంతిలా చుట్టుకుపోతుంది. ఈ డాక్టరమ్మ బెదిరే రకం కాదు. విసుగొస్తే చుట్టుకుంటుంది. ఆమె పూర్తిగా చుట్టుకుందంటే ఇక మనం బయటికి నడవాలని అర్థం.

వరుసలో రేలకి ముందు బొండు నిలబడ్డాడు. బొండు అడవిపంది కుర్రాడు, రేల క్లాసే. వాడి గోరింక నిద్రపోవడం లేదు సరికదా, గొంతు సవరించుకుంటోంది.

"ఒరేయ్ బొండూ, నీ పక్షికి ఏమైనా పెట్టకపోయావా?" అన్నది రేల.

"నేనే తినేశా, దానికేం మిగల్లేదు," అన్నాడు బొండు.

డాక్టరమ్మ బొండుని పిలిచింది. తలుపు లేని గుహ కాబట్టి మాటలన్నీ రేలకి వినిపించాయి.

"ఎప్పుడైనా శిక్ష పడిందా?"

"పడిందండి. పరీక్షకి పెట్టిన మందాకులన్నీ పరీక్షకి ముందే తినేశాను."

"అన్నీనా?"

"చెట్టు పేర్లు రాసిన పలకలు మాత్రం వదిలేశానండి. తర్వాత వాంతులు, విరేచనాలు, కళ్ళు తిరగడం, నాలుక తిమ్మిరి. ఏ ఆకుకి ఏది వచ్చిందో అడగండి, చెప్తాను."

"ఇప్పుడు ఆకు కనిపిస్తే ఏం చేస్తావు?"

"ముందు ఎవరినైనా అడుగుతానండి. తినాలనిపిస్తే దూరంగా వెళ్ళి నిలబడతాను."

తర్వాత బొండు గోరింక మాట్లాడింది. అదీ అదే చెప్పింది, వాంతుల చప్పుడుతో సహా.

'వీడి పని అయిపోయింది,' అనుకుంది రేల. 'తెలివి లేనివాడు.'

రేల వంతు వచ్చింది. డాక్టరమ్మ చిన్న కళ్ళతో చూసింది.

"ఎప్పుడైనా శిక్ష పడిందా?"

"లేదండి."

డాక్టరమ్మ తోక కాస్త ముడుచుకుంది.

"వైద్యం మీద నీకు మనసెప్పుడు పడింది?"

జవాబు రేల నోటిదాకా వచ్చింది. వార్డెన్ వీపు, పేడ, మట్టి, మళ్ళీ వినిపించిన పాట. అది చెప్పాలంటే ముందుది కూడా చెప్పాలి. మింగేసింది.

"సేవ చెయ్యాలని అండి."

"ఎప్పుడు అని అడిగాను."

"చిన్నప్పటి నుంచీ అండి."

డాక్టరమ్మ సగం చుట్టుకుంది. పెంకుల సందులోంచి చివరి ప్రశ్న వేసింది. "దురదగొండి తగిలినవాడు వస్తే ఏం చేస్తావు?"

ఆ అడవిలో ఆ ప్రశ్నకి రేలకంటే బాగా జవాబు చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు. ఏ పేడ, ఎంతసేపు ఆరాలి, ఏ వైపు నుంచి ఒలవాలి, అన్నీ తెలుసు. రేల కాళ్ళ వైపు చూసుకుంది.

"తెలియదండి."

"సరే. ఆ పక్షిని లేపు."

"పాపం, అలిసిపోయిందండి."

"లేచేదాకా కూర్చుంటాను. నాకేం తొందర లేదు."

గోరింక లేచింది. పనసపండు వాసనతో ఒక తేన్పు తేన్చింది. తర్వాత మొదలుపెట్టింది. ముందు వార్డెన్ గొంతుతో, "ఎవర్రా నా వీపు మీద నిప్పులు పోసింది?" తర్వాత ప్రిన్సిపాల్ గొంతుతో, "వానాకాలం అంతా ఊడవాలి." రేల చెవులు వాల్చేసింది. కానీ గోరింక అక్కడితో ఆగలేదు. మళ్ళీ వార్డెన్ గొంతు వచ్చింది. "ఆఁ, అక్కడే. ఈ పిల్ల చెయ్యి పడితే చల్లగా ఉంటుందయ్యా ప్రిన్సిపాలూ. ఎవరూ చెప్పకుండానే వచ్చింది. దీన్ని వైద్యం చదవడానికి పంపవయ్యా."

వార్డెన్ ప్రిన్సిపాల్‌తో ఈ మాట అన్నాడని రేలకి అప్పటిదాకా తెలియదు. నోరు తెరిస్తే తిట్లే బయటికొస్తాయనుకుంది.

"ఎలుగుకి దురద పెట్టింది నువ్వు," అన్నది డాక్టరమ్మ. "అది పిల్లచేష్ట. ఆ దురద పోగొట్టింది నువ్వు. అది వైద్యం. నన్నడిగితే మొదటిదాని కోసం నేను సీటు ఆపేదాన్ని కాదు, రెండోదాని కోసం ఇచ్చేదాన్ని. నువ్వేమో రెండూ నీవి కావన్నావు. మరి సీటు ఎవరికివ్వమంటావు?"

"ఇప్పుడు చెప్తానండి, మొత్తం చెప్తాను."

"ఇప్పుడు పక్షి చెప్పేసింది కదమ్మా."

డాక్టరమ్మ పూర్తిగా చుట్టుకుంది.

ఆ ఏడు బొండుకి సీటు వచ్చింది. రేలకి రాలేదు.

రేల కొండ దిగి హాస్టల్‌కి వచ్చింది. వార్డెన్‌కి సంగతి అప్పటికే తెలిసింది. గోరింకలు ఎగిరి వస్తాయి, ముంగిసలు నడిచి రావాలి.

"దురదగొండికి మందు తెలియదన్నావటగా," అన్నాడు వార్డెన్. "నా వీపు మీద నేర్చుకుని, నా వీపునే ఎరగనన్నావన్నమాట."

"భయమేసింది వార్డెన్ గారూ."

"నాకూ వేసింది, నువ్వు పేడ పట్టుకుని వచ్చిన మొదటిరోజు. అయినా వీపు చూపించాను కదా."

రేలకి ఆ మాట గుచ్చుకుంది. వార్డెన్ చీపురు చేతికిచ్చాడు. ఎక్కడికీ పోయే దారి లేనివాళ్ళకి హాస్టల్లో పనికేం కొదవ? రేల ఏడాదంతా అక్కడే ఉంది. ముళ్ళు దిగినవాళ్ళకి ముళ్ళు తీసింది. కాలు బెణికినవాళ్ళకి కట్టు కట్టింది. వానలు వెలిసే ముందు ఊసరవెల్లి మాస్టారు ఎదురొచ్చాడు.

"పోయినేడు పక్షి వల్ల దెబ్బతిన్నాం. ఈసారి ఇంకో ఉపాయం ఉందమ్మా."

"ఈసారి నేను తయారయ్యే ఉన్నాను మాస్టారూ," అని రేల ఆగకుండా వెళ్ళిపోయింది.

మళ్ళీ కొండ. మళ్ళీ అదే గుహ. గోరింకకి ఆ పొద్దున ప్రత్యేకంగా ఏమీ పెట్టలేదు. అది కొంచెం నిరుత్సాహపడింది.

"ఎప్పుడైనా శిక్ష పడిందా?" అన్నది డాక్టరమ్మ, పోయినేడు చూడనట్టే.

"రెండుసార్లు అండి. ఒకసారి వార్డెన్ గారి పడక మీద దురదగొండి చల్లినందుకు. ఆయన చాలా బాధపడ్డారు. ఇంకోసారి ఇక్కడే, మీకు అబద్ధం చెప్పినందుకు."

"రెండోదానికి నేను శిక్షేమీ వెయ్యలేదే."

"ఒక ఏడాది వేశారండి. అది సరిపోయింది."

"రెండిట్లో ఏది పెద్ద తప్పు?"

"రెండోదండి. మొదటిది ఎదురుగా కనిపించింది కాబట్టి ఏం చెయ్యాలో తెలిసింది. రెండోది మీకు కనిపించకుండా పెట్టాను. కనిపించనిదానికి ఎవరు మందు వేస్తారు?"

డాక్టరమ్మ చుట్టుకోలేదు. గోరింకని కూడా అడగలేదు. లోపలికి కేకేసింది. "బొండూ, కొత్త పిల్ల వచ్చింది. పని చూపించు."

బొండు తలెత్తుకుని వచ్చాడు. "నేనిప్పుడు సీనియర్‌ని. నన్ను అండీ అనాలి."

"అలాగే అండీ. మందాకులు మిగిల్చారా అండీ?" అన్నది రేల.

కొన్నాళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం కాలికి గాయమై ఒక కుందేలు వచ్చింది. వైద్యశాల నిండా జనం. రేల హడావుడిలో ఆకు నూరి, కట్టు కట్టి, పక్క మంచం వైపు తిరిగింది. చేతికంటిన వాసన ముక్కుకి తగిలింది. అది గాయానికి పెట్టే ఆకు కాదు. నొప్పి మరిచిపోయి మగతగా పడుకోవడానికి చిటికెడు వాడే ఆకు. కట్టులో పిడికెడు పెట్టింది.

ఎవరూ చూడలేదు. కుందేలు ఆవలిస్తోంది. అలసిపోయిందని అందరూ అనుకుంటారు. రేల ఒక్క క్షణం అక్కడే నిలబడింది. తర్వాత జనాన్ని తోసుకుంటూ డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"నేను తప్పు ఆకు పెట్టానండి. కుందేలుకి. ఇప్పుడే. పిడికెడు."

డాక్టరమ్మ ఒక్క మాట కూడా తిట్టలేదు. అప్పుడు తిట్టే తీరిక లేదు. కట్టు విప్పించింది. గాయం కడిగించింది. బొండు నీళ్ళు మోశాడు. కుందేలుని నిద్రపోనివ్వకుండా పొద్దు వాలేదాకా నడిపించారు, రేల ఒక పక్క, బొండు ఒక పక్క.

కుందేలు బతికింది. బతికి ఊరుకుందా? కళ్ళు తేటపడగానే వైద్యశాల అదిరేలా రేలని తిట్టింది. ముక్కు లేదా అంది, కళ్ళు లేవా అంది, నీకు సీటిచ్చిన వాళ్ళననాలి అంది. రేల ఆ తిట్లన్నీ ఎదురుగా నిలబడి విన్నది. తర్వాత సరైన ఆకు వాసన చూసి, డాక్టరమ్మకి చూపించి, ఆ కాలికి మళ్ళీ కట్టు కట్టింది.

నీతి: తప్పు చేసినవాళ్ళ చేతికి మందు ఇవ్వవచ్చు. తప్పు దాచేవాళ్ళ చేతికి ఇవ్వకూడదు.