పొలుసమ్మ పంపిన టకటక

అనగనగా ఒక అడవిలో, చెబితే నవ్వుతారు గానీ, ప్రతి బొరియలోనూ ఒక చిన్న కంప్యూటర్ ఉండేది. ఉడుముకూ ఉండేది, చెవులపిల్లికీ ఉండేది. వాటన్నిటినీ నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ పేరు గరిక. గరికకు యజమాని అంటూ ఎవరూ లేరు. దాని కోడ్ ఎవరైనా చదవచ్చు, ఎవరింట్లో వాళ్ళు తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు. ఆ మార్పు అందరికీ పనికొస్తుందనిపిస్తే సూదమ్మ అనే ఏదుపందికి పంపవచ్చు. సూదమ్మ దాన్ని పరీక్షించి, బాగుంటే అందరి గరికలోనూ కలిపేది.

ఆ అడవిలోనే పొలుసమ్మ అనే అలుగు, అంటే ఒంటినిండా పొలుసులుండే జంతువు, ఉండేది. వాగు పొంగితే గరిక తెర మీద ఎర్రదీపం చూపించేది. పాపం, పొలుసమ్మకు చూపు తక్కువ. అందుకని తనే కూర్చుని కోడ్ మార్చుకుంది. ఇప్పుడు వాగు పొంగితే కంప్యూటర్ టకటకమని చప్పుడు చేస్తుంది. పొలుసమ్మ మురిసిపోయింది. సూదమ్మకు పంపుదామా అనుకుంది. అంతలోనే భయం వేసింది. సూదమ్మ వట్టి తప్పులు పట్టే రకమని అడవంతా చెప్పుకునేవారు. పైగా చూపు ఆననిది తనకొక్కదానికే కదా. ఎందుకొచ్చిన గొడవ అని ఊరుకుంది.

కొన్నాళ్ళకు కొత్త గరిక వచ్చింది. అది పెట్టుకోగానే పొలుసమ్మ రాసుకున్నది కాస్తా చెరిగిపోయింది. మళ్ళీ రాసుకుంది. ఇంకో కొత్త గరిక వచ్చింది. ఈసారి లోపల చాలా మారిపోయింది, తిరిగి రాయడానికి వారం పట్టింది. మూడో కొత్త గరిక కూడా వచ్చింది, మళ్ళీ రాయడం మొదలుపెట్టేలోపే వాన పట్టుకుంది. తెర మీద ఎర్రదీపం వెలిగింది గానీ పొలుసమ్మకు కనబడలేదు. నీళ్ళు పడక దాకా వచ్చాక గాని మెలకువ రాలేదు. ఎలాగో బయటపడింది. మర్నాడు ఎండలో తోక ఆరబెట్టుకుంటూ, పడితే పట్టనీ తప్పులు అనుకుని, మార్పు రాసి పంపేసింది.

వెంటనే జవాబు వచ్చింది.

"అమ్మాయ్, ఆలోచన బాగుంది," అని రాసింది సూదమ్మ. "కానీ చప్పుడుతో పాటు తెర రంగు కూడా మార్చావు. అవి రెండు పనులు. విడదీసి పంపు. చప్పుడు ఎందుకు కావాలో కూడా రాయి. రేపు నీ కోడ్ చదివేవాళ్ళ పక్కన నువ్వుండవు కదా."

పొలుసమ్మకు కోపం వచ్చింది. పేరే అలుగు, ఇక అలగకుండా ఉంటుందా? ఉండలా చుట్టుకుని ఒక పూటంతా అలాగే పడుకుంది. ఆకలేసి విప్పుకున్నాక జవాబు మళ్ళీ చదివింది. అందులో తిట్టు ఒక్కటీ లేదు. ఉన్నదంతా నిజమే. రెండు పనులనూ విడదీసి, తనకు చూపు ఆనదు కాబట్టి చప్పుడు పెట్టానని రాసి, మళ్ళీ పంపింది.

సూదమ్మ దాన్ని అందరి ముందూ పెట్టి, వాడి చూడమంది. కొండ అవతల ఒక నీటికుక్క ఉంది. పొలుసమ్మ దాన్ని ఎన్నడూ చూడలేదు. దాని ఇల్లు జలపాతం పక్కనే. ఆ హోరులో టకటక వినబడలేదు. అందుకని చప్పుడుతో పాటు కంప్యూటర్ గడగడా వణికేలా ఇంకో నాలుగు వరుసలు రాసి జతచేసింది. సూదమ్మ రెండూ పరీక్షించి గరికలో కలిపింది. రాసినవాళ్ళ పట్టికలో పొలుసమ్మ పేరు చేరింది, దాని కిందే నీటికుక్క పేరు.

శ్రావణంలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం వాగు పొంగింది. పొలుసమ్మ పగటి నిద్రలో ఉంది. ఉరుముల మోతలో తను రాసిన టకటక తనకే వినబడలేదు. కానీ ఆనుకుని పడుకున్న కంప్యూటర్ గడగడా వణికి లేపింది. పరుగున గుట్ట ఎక్కేసరికి అడవంతా అక్కడే ఉంది. ఒక్కరూ వెనకబడలేదు. చుంచెలుక అవ్వ తడుముకుంటూ దగ్గరికి వచ్చింది.

"ఆ చప్పుడు పెట్టింది నువ్వేనటగా తల్లీ," అంది. "నాకు కళ్ళు పోయి మూడేళ్ళు. వానొస్తే ఎవరో వచ్చి పిలిచేదాకా ప్రాణాలు బిగబట్టుకుని కూర్చునేదాన్ని. ఇవాళ చెవి పక్కనే టకటక వినబడి నా అంతట నేనే నడిచొచ్చాను."

పొలుసమ్మ అవ్వ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. వాన వెలిశాక గుట్ట మీద పిల్లా పెద్దా చిందులేశారు. పొలుసమ్మ మాత్రం ముందుగా నీటికుక్కకు జాబు రాసింది.

"అన్నా, ఇవాళ నన్ను నిద్ర లేపింది నీ నాలుగు వరుసలే. ఒకసారి కొండ దిగి మా ఇంటికి రా."

నీతి: నీకోసం చేసుకున్న మంచిని నలుగురికీ పంచు. నలుగురి చేతులూ పడి అది మెరుగవుతుంది, తిరిగి నిన్నూ కాస్తుంది.