వరహాలుకి షెడ్డులో సవతి

ఏమ్మా చిన్నారీ, సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ప్రాణం లేని ఇనుము మీద మనిషి కుళ్ళుకుంటుందా? నవ్వకు. కుళ్ళుకోదంటావా? అయితే విను.

అనగనగా ఒక ఊళ్ళో పేర్రాజు అని ఒక మెకానిక్కు, ఆయన భార్య వరహాలు. పేర్రాజు బస్సు డిపోలో పని చేసి చేసి రిటైరై ఇంటిపట్టున కూర్చున్నాడు. అప్పుడు జమీందారు గారి మనవడు కబురంపాడు. "మా తాతగారి కారు గడ్డివాము పక్కన పడి ఉంది. కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. కావాలంటే మీరు తోలుకుపోండి" అన్నాడు.

తోలుకుపోవడానికి అది నడిస్తే కదా! ఎడ్లు కట్టి లాక్కొచ్చి, ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టారు. పడవంత పొడుగు, గంగాళాల్లాంటి దీపాలు. పేర్రాజు దానికి దొరసాని అని పేరు పెట్టాడు.

ఆ రోజు నుంచీ వరహాలుకి కడుపుమంట.

ఎందుకుండదు? ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ కాలు చెక్కుకుపోతే "పసుపు అద్దుకో" అని పేపరు తిప్పుకున్న మనిషి, దొరసాని తలుపు మీద గీత పడితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆవిడతో రోజుకి నాలుగు మాటలు. దానితో పొద్దస్తమానం కబుర్లే. "నీకు గుండెకాయలు ఆరు తల్లీ. ఏది ఎప్పుడు కొట్టుకోవాలో మరిచిపోకేం! ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు." వంటింటి కిటికీ దగ్గర పప్పు మెదుపుతూ వరహాలు అంతా వినేది. ఆ రోజుల్లో వాళ్ళింట్లో పప్పు మహా మెత్తగా మెదిగేది.

ముందు ఆవిడ కారు తుడిచే గుడ్డ దాచేసింది. పేర్రాజు కొత్త పంచె చింపి తుడిచాడు.

ఆ తర్వాత వేరువేరు డబ్బాల్లో పెట్టుకున్న బోల్టులన్నీ కలిపేసింది. ఆయన మూడు రోజులు కూర్చుని, ఈల వేసుకుంటూ ఏరుకున్నాడు.

అప్పుడు ఆవిడకి ఒళ్ళు ఇంకా మండింది. ఇంజనుకి నిప్పురవ్వ అందించే తీగలు ఆరు. ఏది ఎక్కడ పెట్టాలో తెలియడానికి పేర్రాజు ఒక్కోదానికి అంకె రాసిన గుడ్డపీలిక కట్టుకున్నాడు. ఆయన స్నానానికి వెళ్ళాడు. వరహాలు రెండో పీలిక అయిదో తీగకి, అయిదో పీలిక రెండో తీగకి కట్టేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర తరుక్కుంది.

తన చేతిరాతే కదా, పేర్రాజుకి అనుమానం ఎందుకొస్తుంది? పీలికలు చూసుకుని తీగలు బిగించి, హ్యాండిలు తిప్పాడు. దొరసాని దగ్గింది. విప్పి, మళ్ళీ అవే పీలికలు చూసి బిగించి తిప్పాడు. పొగ ఉమ్మింది. మూడోసారి ఢామ్మని పేలి ఆగిపోయింది.

"నా చేతుల్లో పని చచ్చిపోయింది వరహాలూ. రేపు పాత ఇనుము వాళ్ళని రమ్మంటాను, కోసుకుపోతారు" అన్నాడు.

గెలిచింది కదూ వరహాలు! సంబరంగా అన్నం వడ్డించింది. పేర్రాజు ముద్ద ముట్టలేదు. చూపంతా షెడ్డు మీదే.

అప్పుడు ఆవిడకి భయం పట్టుకుంది. 'రేపు షెడ్డులోంచి పోతుంది సరే, ఈయన కళ్ళలోంచి పోతుందా? ఎదురుగా ఉన్న సవతితో తగువు పడొచ్చు. పోయిన సవతి రోజురోజుకీ అందగత్తె అయి కూర్చుంటుంది. దానితో నేనెక్కడ వేగేది?'

లేచింది. కొంగు బిగించింది. షెడ్డులోకి వెళ్ళి "ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు" అని లెక్కపెట్టుకుంటూ ఆ రెండు తీగలూ పీకి, అటుది ఇటు, ఇటుది అటు గుచ్చింది.

"తిప్పండి" అంది.

"ఏం చేశావే?"

"పీలికలు మార్చింది నేనే. తర్వాత తిడుదురుగాని, ముందు తిప్పండి."

తిప్పాడు. దొరసాని ఒళ్ళు విరుచుకుని, తేనెపట్టులా జుమ్మంది!

పేర్రాజు తిట్టడం మరిచిపోయాడు. "ఆ వరస నీకెవరు నేర్పారే?"

"మీరే. నాకు చెప్పారా? దానికి చెప్పారు. నేను కిటికీలోంచి ఏరుకున్నాను."

ఆయన తల దించుకున్నాడు. పక్క సీటు తలుపు తీసి, "ఎక్కు, ఊరంతా తిప్పుకొస్తాను" అన్నాడు.

"పక్కన కూర్చోడానికా ఇంత మసి పూసుకున్నాను? జరగండి. నాకు నేర్పండి" అని వరహాలు స్టీరింగు పట్టుకుంది.

తప్పు చేసినావిడకి కారేంటి అమ్మమ్మా అంటావేమో. చేసింది తప్పే, నేను కాదనను. మరి ఆ ఆరంకెల వరస గోడ చాటున దొంగిలించుకునే గతి ఆవిడకెందుకు పట్టింది? దానికి నువ్వు జవాబు చెప్పు.

మొదటి రోజు కట్టెల మోపుని గుద్దింది. రెండో రోజు గేటుని. మూడో రోజు వీధిలోకి తీసింది. జనం అరుగులు దిగి చూశారు. పేర్రాజు చెప్పుల్లేకుండా వెనకాల పరిగెత్తాడు.

"గేరు మెల్లిగా వెయ్యవే! దానికి నొప్పెడుతుంది!"

"దానికా, మీకా?"

ఆయనకే! తన చేతిలో మూలుగుతూ కదిలే దొరసాని, ఆవిడ చేతిలో హంసలా జారిపోతోంది. ఒక్క మాటైనా వినకుండా, వెనక్కైనా చూడకుండా! కుళ్ళుకోవడం ఇక పేర్రాజు వంతు.

కథ బయల్దేరింది కంచికి,
నువ్వు బయల్దేరు మంచానికి.
రేపు తాతయ్య మిక్సీ విప్పితే
గుమ్మంలో నిలబడి మూతి తిప్పకు.
తిన్నగా లోపలికి వెళ్ళు,
ఆ పానా ఇటిమ్మని అడుగు!