డార్కసమ్మ బృందావనం

జార్జియా రాష్ట్రంలో, సముద్రపు ఉప్పుగాలి తగిలేంత దగ్గరలో, పైన్ చెట్ల నడుమ వెలసిన శ్రీ శంఖవరద వేంకటేశ్వరస్వామి వారి దేవాలయానికి వచ్చే భక్తులు ముందు కారు పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంటారు, తరువాత స్వామిని వెతుక్కుంటారు. ఈ రెండింటికీ నడుమ ఎడమచేతి వైపు ఒక తులసివనం కనిపిస్తుంది. మొక్కలు ఒక వరసలో ఉండవు. ప్రతి మొక్క మొదట్లో ఒక శంఖం ఉంటుంది. దీనికి డార్కసమ్మ బృందావనం అని పేరు. ఇక్కడ నీళ్ళు పోసిన తరువాతే స్వామి దర్శనం చేసుకోవడం ఈ క్షేత్రాచారం. ఇంతకూ కళ్యాణమండపాన్ని వానలో తడుస్తూ వెళ్ళవలసినంత దూరాన ఎందుకు కట్టారని విసుక్కోని భక్తుడు లేడు. దానికీ కారణం ఈ వనమే.

పూర్వం ఇక్కడ, బానిసత్వం రద్దయిన కొత్తలో, డార్కస్ గాస్కిన్స్ అనే నల్లజాతి స్త్రీ ఉండేది. దొరల పొలంలో బానిసగా పుట్టి పెరిగిన ఆమె, స్వేచ్ఛ రాగానే తనవాళ్ళను వెంటబెట్టుకుని ఈ చిత్తడినేలకు చేరింది. దోమలకు తప్ప ఎవరికీ అక్కరలేని నేల కనుక అడ్డుచెప్పిన వారు లేరు. వారు కాలువలు తవ్వి వరి పండించారు, బడి కట్టుకున్నారు. నేల పండడం మొదలయ్యాక అది తమ తాతలదని గుర్తుకు తెచ్చుకున్న పెద్దమనుషులు చాలామంది బయలుదేరారు. వారు ముసుగులు వేసుకుని గుర్రాల మీద వచ్చేవారు. ఆ సందడి వినబడగానే డార్కస్ ఏటిగట్టున నిలబడి శంఖం ఊదేది. ఊరు ఊరంతా ఆమె వెనక వచ్చి నిలబడేది. ఒంటరివాళ్ళను బెదిరించడానికి వచ్చిన ఆ వీరులు, అంతమందిని ఒక్కచోట చూసేసరికి గుర్రాలకు దాహమైందని వెనుదిరిగేవారు.

పూర్వీకులను ఓడల్లో తెచ్చిన సముద్రానికి గుర్తుగా సమాధి మీద శంఖం ఉంచడం ఆ జనుల ఆచారం. డార్కస్ కన్నుమూసినప్పుడు ఆమె ఊదిన శంఖాన్నే ఆమె తలాపున ఉంచారు. కాలక్రమంలో ఊరు చెదిరిపోయింది. పేర్లు చెక్కిన చెక్కపలకలు చివికి మట్టిలో కలిసిపోయాయి. కలప కంపెనీ ఒకటి వచ్చి ఆ నేలంతా పైన్ చెట్లు నాటించింది. డార్కస్ వంశంలో పుట్టిన లవీనియా గాస్కిన్స్ మాత్రం మరువలేదు. ఆమె బడిపంతులమ్మ. తనవాళ్ళకు ఓటుహక్కు కావాలని నిలబడి జైలుకు వెళ్ళివచ్చిన మనిషి. ఏటా జూన్ మాసంలో, స్వేచ్ఛ లభించిన దినాన, ఏటి అవతలి గట్టున నిలబడి పెద్దల పేర్లన్నీ పిలిచేది. ఎవరు ఏ చెట్టు కింద ఉన్నారో తెలియదు కనుక అడవి మొత్తానికి వినబడేలా పిలిచేది.

ఈ కథ తెలియని మనవాళ్ళు గుడి కోసం ఆ స్థలం కొన్నారు. పొదలు కొట్టిస్తుండగా, మందుల దుకాణంలో ఉద్యోగం చేసి విరమించిన బాపట్ల కోటిరత్నం గారి కాలికి ఒక శంఖం తగిలింది. కడిగి చూస్తే ఊదడానికి వీలుగా కొన కోసి ఉంది. అర్చకులు గురురాజాచార్యులు ఊదారు. అడవంతా మారుమోగింది. అడవి నడుమ, ఊదడానికి సిద్ధంగా, విష్ణుశంఖం. ఆ పూట ఎవరికీ ఆకలి వేయలేదు. పులిహోర మిగిలిపోవడం ఈ దేవాలయ చరిత్రలో అదొక్కసారే. వెతికినకొద్దీ మరికొన్ని శంఖాలు దొరికాయి. మొదటి దానికి వెండితొడుగు చేయించి గర్భాలయంలో ఉంచారు, మిగతావి చుట్టూ పేర్చారు.

దేవుడి వస్తువు దొరికిన చోటు తొక్కకూడదని కోటిరత్నం గారు ప్రతి శంఖం దొరికిన చోటా ఒక తులసి నాటారు. మంచు కురిసే రోజుల్లో వాటికి తన పట్టుచీరలు కప్పేవారు. ఆమెకంటే ఆమె తులసమ్మలే బాగా ముస్తాబవుతాయని ఆడవాళ్ళు నవ్వుకునేవారు.

అంతలో కార్యవర్గ అధ్యక్షులు పొట్లపల్లి భుజంగరావు గారికి స్వామి కలలో కనబడి, శంఖాలు దొరికిన చోటనే కళ్యాణమండపం కట్టమన్నారు. కారు దిగగానే మండపంలోకి నడవవచ్చునని అధ్యక్షులవారు ఏడాదిగా చెబుతున్నదీ ఆ చోటే. ఈ విషయంలో స్వామికీ వారికీ ఎన్నడూ అభిప్రాయభేదం లేదు.

పునాది తవ్వే యంత్రం వచ్చిన ఉదయాన ఆచార్యులు ఆ వెండితొడుగు శంఖం ఊదారు. ఆ రోజు గాలి ఏటివైపు వీచడంతో అవతలి గట్టున లవీనియా ఆ ధ్వని విన్నది. చేతికర్ర పట్టుకుని వంతెన దాటి వచ్చి, గర్భాలయంలోకి చూసి, గడప దగ్గరే నిలబడిపోయింది.

"అది మా డార్కస్ శంఖం. ఊదడానికి కొన కోసినది ఆమెదొక్కటే. ఎక్కడ దొరికింది మీకు? అది ఉన్నచోటే ఆమె ఉంది. నేను పోయేలోగా ఆ చోటు చూడాలి" అన్నది.

భుజంగరావు గారు గొంతు సవరించుకుని, "దైవికంగా దొరికిందమ్మా" అన్నారు.

"దైవికమేమిటండీ, నా కాలికి తగిలితేను" అని కోటిరత్నం గారు ముందుకు వచ్చారు. లవీనియా చెయ్యి పట్టుకుని యంత్రం ముందునుంచే తోటలోకి నడిపించారు. "ఇదుగోనమ్మా. ప్రతి శంఖం దగ్గరా ఒక మొక్క పెట్టాను. పెద్దది దొరికింది ఈ పెద్ద మొక్క దగ్గర."

లవీనియా మొక్కలన్నింటినీ కలియజూసింది. తరువాత ఆ పెద్ద తులసి పక్కన నేలమీద కూర్చుని, ఈసారి గొంతు పెంచకుండా, పక్కనున్న మనిషిని పిలిచినట్టు డార్కస్ పేరు పిలిచింది. ఆపైన, ఏటిగట్టున శంఖం ఊదిన ఆమె కథంతా అక్కడివారికి చెప్పింది.

జనంలో కలకలం పుట్టింది. గుడి ఆవరణలో సమాధులేమిటని కొందరు, ఎముకలు తీయించి మరోచోట పెట్టిద్దామని కొందరు అన్నారు. భుజంగరావు గారు ఆశగా ఆచార్యుల వైపు తిరిగారు. "మీరు చెప్పండి స్వామీ, ఇది మైల కాదూ?"

ఆచార్యులది ఆదోని. మంత్రాలయం దారిలో పెరిగిన మనిషి. ఆయన ముందు తులసికి నమస్కరించారు.

"మహాత్ముల సమాధి మీద తులసి నాటితే మావైపు దాన్ని బృందావనం అంటామండీ. దానికి ప్రదక్షిణం చేస్తాం, తవ్వం. నలుగురికోసం శంఖం పట్టుకుని నిలబడిన తల్లి మహాత్మురాలు కాకపోతే ఇంకెవరు? తులసి కూడా అమ్మగారు ముందే నాటేశారు."

"మరి నా కల?" అన్నారు అధ్యక్షులు.

"స్వామిని మళ్ళీ రమ్మనండి. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని పడుకోండి" అన్నారు కోటిరత్నం గారు.

భుజంగరావు గారు ఆ మధ్యాహ్నమే పడుకున్నారు. లేచేసరికి స్వామి మనసు మార్చుకున్నారు. యంత్రం స్థలం చివరికి తరలింది. మండపం దూరమైన కారణం ఇదే. వెండితొడుగు ఊడదీసి డార్కసమ్మ శంఖాన్ని ఆమె తలాపునే ఉంచారు. మిగిలినవీ తమ తమ తులసుల దగ్గరకు చేరాయి.

నేటికీ జూన్ మాసంలో ఆ దినాన స్వామివారి పల్లకి బృందావనం వద్ద ఆగుతుంది. ఏటి అవతలివారు వచ్చి పెద్దల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. ప్రతి పేరుకూ వారిలో ఒకరు డార్కసమ్మ శంఖం ఊదుతారు. ఆ తరువాతే పల్లకి కదులుతుంది. ఇక్కడ నీళ్ళు పోసినవారికి తప్పిపోయిన తమవారి జాడ తెలుస్తుందనీ, భయపడినవారికి తోడు దొరుకుతుందనీ భక్తుల విశ్వాసం. మండపం చేరేలోగా తడిసినవారికి జలుబు చేయదని అధ్యక్షులవారి విశ్వాసం.

వనంలో చివరి తులసి లవీనియమ్మది. దాని మొదట్లోని శంఖం బాపట్ల దగ్గర సూర్యలంక తీరం నుంచి తెప్పించినది. ఆమె పేరు పిలిచినప్పుడు దాన్ని కోటిరత్నం గారే ఊదుతారు. ధ్వని సరిగా రాదు. ఈ గుడిలో దేనికైనా నవ్వగలవారు కూడా అప్పుడు నవ్వరు.