మంచు పట్టిన గ్లాసులో డబుల్ ఐపీఏ

చేదును దాచాలా, నిలబెట్టాలా? తల ఊపి తప్పించుకోకండి, ఏదో ఒక పక్షం ఎంచుకోండి. మాతో పాటు బీరు కాయడం నేర్చుకుంటున్న సుమేధ మాత్రం దాచాలనే అనుకుంది. అందుకే ఆ ఉదయం గురువుని అడిగింది: "మేడం, ఈ చేదు తెలియకుండా ఎట్లా చెయ్యాలి?"

రత్నకుమారి మేడం ఒకప్పుడు కెమిస్ట్రీ లెక్చరర్. ఇప్పుడు శంకరపల్లి దారిలోని మా చిన్న బ్రూవరీలో బీరు కాయడం నేర్పుతుంది. అడిగినదానికి ఆమె నేరుగా జవాబిచ్చిన రోజు మాలో ఎవరికీ గుర్తులేదు.

సుమేధ భయానికి కారణం ఉంది. అది ఆమె సొంతంగా కాచిన మొదటి బీరు, పాత పద్ధతి డబుల్ ఐపీఏ, చేదెక్కువ రకం. హాప్స్ అనే చేదు పూలు రెట్టింపు పడ్డాయి. ఆ చేదును మోయడానికి మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, అంతకు మించి పడింది. యజమాని భూపాల్‌కి నచ్చకపోతే మధ్యాహ్నానికల్లా ట్యాంకు మొత్తం మోరీ పాలు.

భూపాల్ తన బావమరిది సాయిరెడ్డిని వెంటబెట్టుకొచ్చాడు. వస్తూనే ఫ్రీజర్‌లోంచి మంచు పట్టిన గ్లాసులు తెప్పించాడు. ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఇది బీరా, యాపాకు కషాయమా? పారబోయుండ్రి!"

సుమేధ తల దించుకుంది. మేడం తీరిగ్గా, "పారబోద్దాంలే భూపాల్. ఈలోపు ఒక్క సంగతి తేల్చు. మటన్‌లోకి చింతచిగురా, గోంగూరా?" అంది.

"గదేం ప్రశ్న మేడం? చింతచిగురే!"

"నీ మొహం బావా," అన్నాడు సాయిరెడ్డి. "మా అక్క గోంగూర ఏసి వండితే నాలుగు సార్లు పెట్టిచ్చుకున్నవ్, యాది లేదా?"

"అది మీ అక్కకు భయపడి!"

ఇంకేముంది, అరగంట. ఇద్దరి అత్తగార్లూ, మూడు పెళ్ళిళ్ళ భోజనాలూ సాక్ష్యానికొచ్చాయి. గ్లాసుల మీది మంచు కరిగి టేబుల్ మీదికి జారిపోయింది. గొంతెండిన భూపాల్ మాట మధ్యలోనే గ్లాసెత్తాడు. ఆగాడు. ఇంకో గుక్క తాగాడు.

"ఏందిది... బెల్లం పాకం లెక్కుంది. దోరగా కాలిన రొట్టె అంచు లెక్కుంది. మేడం, గ్లాసు మార్చినవా?"

"నీ ముందరే ఉంది కదయ్యా."

"మరి చేదేడ వోయింది?" అన్నాడు సాయిరెడ్డి. అతని గ్లాసు అప్పటికే ఖాళీ.

"ఎటూ పోలేదు సార్," అంది సుమేధ. మొదటిసారి ఆమె గొంతు లేచింది. "మంచు కరిగాక మాల్ట్ తీపి పైకొచ్చింది. మింగాక చూడండి, చేదు చివర్లో ఉంటుంది."

భూపాల్ కళ్ళు మూసుకుని మింగాడు. పకపకా నవ్వాడు. "ఉన్నది, ఉన్నది! ఉండనీ. ట్యాంకు ఎవ్వరు ముట్టకుండ్రి!"

సుమేధ గంతేసినంత పని చేసింది. అంతలోనే మళ్ళీ ఒక ప్రశ్న. "మేడం, రేపు వచ్చే జనమూ మంచు గ్లాసే అడుగుతారు. వాళ్ళకేం చెప్పాలి?"

"ఏం చెప్పకు. ఓ కుర్చీ లాక్కుని వాళ్ళ ఎదురుగా కూర్చో. చింతచిగురా, గోంగూరా అని అడుగు." ట్యాంకుల పక్కన చోద్యం చూస్తున్న మా అందరి వైపూ తిరిగింది మేడం. "మీరేం నిలబడ్డారు? మీరూ లాక్కోండి కుర్చీలు."